ఎర్ర పటాలంలో పసుపు కోటు

జెర్సీ సిటీ,
ఏప్రిల్ 11, 2010

ఒరేయ్ ప్రసాదూ,

నిన్న నేను చెబుతూ ఉండగానే పగలబడి నవ్వి ఫోన్ పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరంతో ఉన్న సుఖం ఏమిటంటే, నువ్వు మధ్యలో అడ్డు రాలేవు, "అక్కా, ఇంకో కాల్ వస్తోంది" అని తప్పించుకోలేవు. డబ్లిన్‌లో మీ ఇంటి పోస్టుబాక్సులో కరెంటు బిల్లుల మధ్య నా చేతిరాత చూసి కంగారుపడకు. మీ బావ బాగానే ఉన్నారు, పిల్లలు బాగానే ఉన్నారు. నేను అందరికంటే కొంచెం ఎక్కువ బాగున్నాను.

నువ్వు విన్నది నిజమే. యాభై దాటిన పిల్లల డాక్టరు, మీ అక్క హైమ, బ్రిటిష్ పటాలంలో చేరింది. నిజం పటాలం కాదులే, వేషాల పటాలం. రెండు శతాబ్దాల కిందట ఇక్కడికి గంటన్నర దూరంలో, ఫ్రీహోల్డ్ దగ్గరి పొలాల్లో ఇంగ్లీషువాళ్ళకీ అమెరికావాళ్ళకీ పెద్ద పోరు జరిగింది. ఏటా జూన్‌లో అదే పొలంలో దాన్ని మళ్ళీ ఆడి చూపిస్తారు. మా పటాలంలో వారమంతా ఒకాయన పళ్ళు పీకుతాడు, ఒకాయన పైపులు బాగుచేస్తాడు, ఒకాయన పోస్టాఫీసులో పనిచేస్తాడు. ఆదివారం వస్తే అందరూ మూడో జార్జి రాజుగారి సిపాయిలు. వేషమే గదా అని తేలిగ్గా తీసెయ్యకు. కోటుకు ప్లాస్టిక్ గుండీ పెట్టుకొచ్చిన వాణ్ణి మా కెప్టెన్ వాల్టర్ కవాతు నుంచి ఇంటికి పంపేశాడు. ఆయన ట్రెంటన్‌లో ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నిజమైన మంటల్లోకి దూకినవాడు గనుక ఉత్తుత్తి యుద్ధంలో కూడా ఆజ్ఞ అంటే ఆజ్ఞే అంటాడు.

నేనెలా చేరానో విను. కిందటేడు మీ బావ, నేను ఊరికే చూడటానికి వెళ్ళాం. తుపాకుల పొగ, కేకలు. గుర్రం మీద ఒక ఆఫీసరు గొంతు చించుకుని అరుస్తున్నాడు, ఎవరికీ వినపడటం లేదు. పక్కనున్న డ్రమ్ము మోగింది. అంతే, ఆ మూల నుంచి ఈ మూలదాకా నిలబడ్డ వరస మొత్తం ఒక్కసారిగా ఎడమకాలు ముందుకు వేసింది. నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఆ రోజుల్లో సిపాయి నిద్ర లేవడం, తినడం, నడవడం, కాల్చడం, ఆగడం అన్నీ డ్రమ్ము చెప్పేదట. ఒక్కో పనికి ఒక్కో దరువు. 'ప్రిపరేటివ్' వినిపిస్తే కాల్పులు మొదలు, 'జనరల్' వినిపిస్తే ఆపాలి. డ్రమ్మర్ చేతిలో తుపాకి ఉండదు, కానీ తుపాకులన్నీ అతని చేతి కిందే ఉంటాయి.

ఆ వారమే పేరు ఇచ్చాను. ఈ అపార్ట్‌మెంటులో డ్రమ్ము వాయిస్తే పోలీసులొస్తారని, చలికాలమంతా దిండు మీద సాధన చేశాను. మీ బావ మాన్‌హట్టన్ నుంచి రైల్లో అలసిపోయి వచ్చి, తల పెట్టుకుందామంటే దిండు దొరక్క, సోఫా మీద పడుకున్న రోజులున్నాయి.

ఇక నువ్వు అన్న మాట. "తాతయ్య తెల్లవాళ్ళ లాఠీదెబ్బలు తిన్నాడక్కా, నువ్వెళ్ళి వాళ్ళ ఎర్రకోటు వేసుకుంటావా, సిగ్గు లేదా?" అన్నావు. నువ్వు నవ్వుతూనే అన్నావు గానీ నాకు గుచ్చుకుంది. కాబట్టి జవాబు విను. ఒకటి, నాది ఎర్రకోటు కాదు, పసుపు కోటు. పటాలమంతా ఎర్రకోట్లు తొడిగి చేతి మడతలకు, కాలరుకు పసుపు గుడ్డ కుట్టించుకుంటే, డ్రమ్మరుకు తిరగేసి పసుపు కోటుకు ఎర్ర మడతలు కుడతారు. పొగలో ఆఫీసరు వెతికితే డ్రమ్మరు చటుక్కున కంటపడాలని అలా పెట్టారు. ఇక రెండోది, ఆ ఎర్రకోటు మనకేం కొత్త కాదు. కంపెనీవాళ్ళ సైన్యంలో చేరిన మన తెలుగువాళ్ళు ఎంతమందో. ఉత్తరాదిలో సిపాయినే 'తిలంగా' అని పిలిచేవారట, వాడు ఏ దేశంవాడైనా సరే. మన తాతయ్య దెబ్బలు తిన్నది నిజమే, ఆ తాతయ్యకు తాత ఎవరి పటాలంలో కవాతు చేశాడో నీకూ తెలియదు, నాకూ తెలియదు. పైగా ఏటా సాయంత్రానికి మూటాముల్లే సర్దుకుని వెనక్కి పోయే సైన్యం మాదే. తాతయ్య ఉంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాడు.

ఆడదాన్ని వరసలో ఎలా నిలబెడతారని కొందరు గొణిగారు. వాల్టర్ అన్నాడు కదా, "జుట్టు దూర్చి టోపీ పెట్టుకో. దూరం నుంచి తేడా తెలియకపోతే నాకేం అభ్యంతరం లేదు. ఒంటి రంగు సంగతంటారా, మన సైన్యంలో ఒక పటాలానికి ఎనభై ఏళ్ళు నల్లవాళ్ళే డ్రమ్మర్లు. చరిత్ర తెలియనివాళ్ళు నాతో వాదించొద్దు."

మే నెలాఖరులో పెద్ద తనిఖీ ఉంది. అందులో బాగా వాయించినవాళ్ళదే జూన్‌లో పటాలం డ్రమ్ము. అది నాకు కావాలిరా. ఒక వస్తువును ఇంత గట్టిగా కోరుకుని చాలా ఏళ్ళయింది. నవ్వితే నవ్వుకో.

అక్క,
హైమ


జెర్సీ సిటీ,
జూన్ 1, 2010

ప్రసాదూ,

డ్రమ్ము పోయింది. నా చేతులారా పోగొట్టుకున్నాను.

తనిఖీకి పై అధికారులుగా వేషం కట్టిన పెద్దలు నలుగురు వచ్చారు. మూడు పటాలాలు కలిసి కవాతు. నేను ముందు. మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఒక్క దెబ్బ కూడా అటూఇటూ కాలేదు. వెనక వందల బూట్లు నా దరువుకు పడుతుంటే, ఆ సంతోషం ఎలా చెప్పను. మైదానం చివరికి వచ్చాం. దరువు అక్కడ ఉన్నపళంగా తెగిపోవాలి. మరి నా చేతులేం చేశాయో తెలుసా? ముక్తాయింపు వేశాయి. చిన్నప్పుడు ఈశ్వరయ్య మాస్టారు మనిద్దరికీ నేర్పిన ముక్తాయింపు, మూడుసార్లు తిప్పి, చక్కగా సమం మీద దింపాను. మృదంగం నేర్చుకున్న చెయ్యి దరువును ఊరికే వదలదురా, దాన్ని సాగనంపకుండా ఉండలేదు.

కచేరీలో అయితే తలలూపేవారు. ఇక్కడ డ్రమ్ము మీద పడే ప్రతి దెబ్బా ఒక ఆజ్ఞ. కుడివైపు వాళ్ళు దాన్ని 'ఆగు' అనుకుని ఆగిపోయారు. మధ్యవాళ్ళు 'తిరుగు' అనుకుని తిరిగారు. ఎడమవైపు వాళ్ళు ఏమీ అనుకోకుండా నడుస్తూనే ఉన్నారు. పళ్ళ డాక్టరుగారు ముందున్న ఆయన వీపుకు గుద్దుకుని టోపీతో సహా కింద పడ్డారు. చూడటానికి వచ్చినవాళ్ళు హాయిగా నవ్వుకున్నారు.

వాల్టర్ నా దగ్గరికి నడిచి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "డాక్టర్, డ్రమ్మర్ సొంత కవిత్వం చెప్పకూడదు," అన్నాడు. నా భుజం మీదినుంచి డ్రమ్ము పట్టీ తీసి పోస్టాఫీసు గ్లెన్‌కు వేశాడు. గ్లెన్ మంచివాడు, తల వంచుకుని తీసుకున్నాడు. నన్ను డేరాల దగ్గర వంట చూసే ఆడవాళ్ళతో ఉండమన్నారు. ఆ మధ్యాహ్నమంతా పొగలో కూర్చుని ఉల్లిపాయలు తరిగాను. కళ్ళు మంటలని అందరికీ చెప్పాను.

ఇప్పుడు నీకొక సంగతి చెప్పాలి. ఎప్పుడూ చెప్పలేదు, చెప్పకూడదనే అనుకున్నాను. కాకినాడలో నీ మొదటి కచేరీ గుర్తుందిగా. పందిట్లో, పెట్రోమాక్స్ లైట్ల కింద, పట్టు లాల్చీ తొడుక్కుని కూర్చున్నావు. ఆ కచేరీ నాదిరా. మాస్టారు నన్నే వాయించమన్నారు. అమ్మ నా జడకు పూలు కూడా పెట్టింది. పాడే ఆయన వచ్చి నన్ను చూసి, "ఆడపిల్ల పక్కవాద్యమైతే నేను పాడను," అని చెప్పులు తొడుక్కున్నాడు. నాన్నగారు నన్ను పక్కకు పిలిచి, "తమ్ముణ్ణి కూర్చోబెడదామమ్మా, జనం వచ్చేశారు," అన్నారు. కోప్పడలేదు, బతిమాలినట్టే అడిగారు. నేను లేచి నీకు చోటిచ్చాను. నువ్వు వాయిస్తున్నంతసేపూ తెర వెనక నా మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాను. నువ్వు తప్పినచోటల్లా నా చెయ్యి ఆగిపోయేది. మర్నాటి నుంచి మృదంగం ముట్టుకోలేదు. మెడిసిన్‌కు చదవాలని మానేశానని ఊరంతా అనుకుంది. నువ్వూ అదే అనుకున్నావు. ఆ మాట నేనే పుట్టించాను. ఎవరైనా జాలిగా చూస్తే నేను భరించలేను, అందుకని.

నీ మీద నాకు కోపం లేదు. నీకప్పుడు పదకొండేళ్ళు, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నావు. కానీ మొన్న గ్లెన్ భుజం మీద ఆ పట్టీ పడినప్పుడు, ముప్పై ఏడేళ్ళు పైకి రాని ఏడుపు గొంతులోకి వచ్చింది. తేడా కూడా తెలుస్తోంది. అప్పుడు నా తప్పేమీ లేదు, ఇప్పుడు తప్పు ముమ్మాటికీ నాదే. అయినా నొప్పి అదే చోట పుట్టింది.

మానేద్దామనుకుంటున్నాను. పసుపు కోటు ఉతికి, ఇస్త్రీ చేసి మడతపెట్టాను. మళ్ళీ కవాతు ఇరవయ్యో తేదీ ఆదివారం, అప్పుడు ఇచ్చేసి వస్తాను. మీ బావ కొత్త దిండు కొనుక్కొచ్చి సోఫాలో పెట్టి వెళ్ళిపోయారు. ఆయన బాధపడితే ఇలాంటి పనులే చేస్తారు.

అక్క


జెర్సీ సిటీ,
జూన్ 29, 2010

బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నీ తెలుగు అక్షరాలు ఇంకా గోడమీద పాకే చీమల్లాగే ఉన్నాయి. అయినా ఎన్నిసార్లు చదువుకున్నానో. "అక్కా, నాకు తెలీదు. ఆ రోజు స్టేజి మీద నేనేం వాయించానో నాకే తెలీలేదు, భయంతో చచ్చిపోయాను. నువ్వు కూర్చుంటే ఊరు దద్దరిల్లేది. సారీ అని రాస్తే అది చాలదు. అప్పుడు నీ కోసం ఎవరూ అడగలేదు, నువ్వూ అడగలేదు. ఈసారి అడుగు. కోటు ఎర్రదో పచ్చదో నాకనవసరం. అడక్కుండా మాత్రం ఇచ్చేసి రాకు." ఈ నాలుగు ముక్కలూ రాయడానికి నీకెంతసేపు పట్టిందో నాకు తెలుసు.

అడిగానురా. కోటు ఇవ్వడానికని వెళ్ళి, వాల్టర్ ఎదురుగా నిలబడి అడిగాను. "తప్పు నాది. దాన్ని దిద్దుకున్నాను. నాకు పొలంలో చోటు కావాలి," అన్నాను.  "పటాలం డ్రమ్ము గ్లెన్‌దే. నువ్వు రెండో డ్రమ్ముగా వెనక నడు. నేను చెప్పనిదే కర్ర చర్మాన్ని తాకకూడదు. ఒక్క దెబ్బ పడిందంటే, ఈ జన్మలో నా పటాలంలో నీకు చోటు లేదు," అన్నాడు. సరేనన్నాను. మోగకూడని డ్రమ్ము మోయడానికి ఒప్పుకున్నాను, ఆలోచించు.

శనివారం నిప్పులు చెరిగింది ఎండ. అసలు యుద్ధంలో కూడా గుళ్ళ కంటే ఎండ దెబ్బకే చాలామంది పోయారని చెబుతారు. మేము ఉన్ని కోట్లలో ఉడికిపోతున్నాం. గట్ల మీద జనం గొడుగులేసుకుని కూర్చున్నారు. పోరు మొదలైంది. తుపాకులు, ఫిరంగులు, ఎక్కడా గాలి లేదు, పొగ లేచిన చోటే నిలిచిపోయింది.

ఇలాంటి యుద్ధాల్లో చచ్చేవాళ్ళను నువ్వు చూడాలి. తుపాకి మెల్లిగా పక్కన పెట్టి, గడ్డి మెత్తగా ఉన్న చోటు చూసుకుని, వీలైతే చెట్టునీడలో చచ్చిపోతారు. టోపీ మొహం మీదికి లాక్కుని కాసేపు కునుకు కూడా తీస్తారు. పొగ కాస్త విడినప్పుడు నేను చూశాను. అవతలి సైన్యంవాడు ఒకడు దారితప్పి మా ఎదుటికి వచ్చాడు, తూలాడు, చెయ్యి కూడా ఆన్చకుండా మొహం మీద పడిపోయాడు. తుపాకి అతని ఒంటికిందే ఉండిపోయింది. నాటకంలో ఎవరూ అలా పడరు. ఇది నిజం అని నాకు తెలిసిపోయింది. పడింది సరిగ్గా మా ఫిరంగి మూతి ముందు. మందు దట్టించి ఉంది. గుండు లేకపోతేనేం, అంత దగ్గర్లో ఆ మంట చాలు మనిషిని కాల్చడానికి. మళ్ళీ పొగ కమ్మింది. నిప్పు పట్టుకున్నవాడికి గడ్డిలో ఏముందో కనపడదు.

అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. వాల్టర్ ఎక్కడో ముందు, వీపు ఇటు. గ్లెన్ ఆయన పక్కన. ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగే వ్యవధి లేదు. నిజం చెబుతాను, ఒక్క క్షణం నాకు నా చోటే గుర్తొచ్చింది. కర్ర పడితే అన్నీ పోతాయి. అయినా పడనిచ్చాను.

'జనరల్' వాయించాను. ఉన్నది ఉన్నట్టు, ఒక్క దెబ్బ ఎక్కువ లేకుండా, ఒక్క దెబ్బ తక్కువ లేకుండా. నా జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ వాయించలేదు. మావాళ్ళ తుపాకులు ఆగిపోయాయి. ఫిరంగి దగ్గరి నిప్పు ఆగిపోయింది. ఆ వెంటనే అవతలివాళ్ళవీ ఆగాయి. రాజుగారి మీద తిరగబడినా దరువులు మాత్రం ఆయన సైన్యానివే పెట్టుకున్నారు గదా, వాళ్ళకూ అర్థమైంది. పొలం మొత్తం నిశ్శబ్దం. ఇదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

డ్రమ్ము విప్పి పడేసి పరుగెత్తాను. వడదెబ్బ. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కోటు కత్తిరించి, జనం కూల్‌డ్రింకులకని తెచ్చుకున్న ఐసంతా మెడకింద, చంకల్లో కుక్కించాను. మా ఎర్రకోటువాళ్ళు, అవతలి నీలంకోటువాళ్ళు కలిసి దుప్పటి పట్టుకుని నీడ చేశారు. అంబులెన్సు వచ్చేసరికి కళ్ళు తెరిచి తన పేరు చెప్పాడు. డెనీ అట, పెన్సిల్వేనియాలో బేకరీ ఉందట. నిన్న ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. కులాసాగా ఉన్నాడు, రొట్టె పంపిస్తానన్నాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నావా? పొద్దు వాలుతుండగా వాల్టర్ కబురు పంపాడు. వెళ్ళేసరికి పటాలమంతా గుండ్రంగా నిలబడి ఉంది. మధ్యలో గ్లెన్ డ్రమ్ము, దాని మీద పటాలం జెండా పరిచారు. పాత రోజుల్లో యుద్ధభూమిలో బల్లలూ కుర్చీలూ ఎక్కడివి, సిపాయి తప్పు చేస్తే డ్రమ్మునే బల్ల చేసుకుని అక్కడికక్కడే విచారణ జరిపేవారట. నన్ను దాని ముందు నిలబెట్టారు. అవతలి సైన్యం ఆఫీసర్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. 

వాల్టర్ నేరం చదివాడు. "ఆజ్ఞ లేకుండా డ్రమ్ము వాయించావు. కెప్టెన్ మాట జవదాటావు. యుద్ధం మధ్యలో రెండు సైన్యాలనూ ఆపేశావు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను," అన్నాను. "మళ్ళీ అలాంటిదే కంటపడితే మళ్ళీ వాయిస్తాను."

వాళ్ళు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. వాల్టర్ లేచాడు. "నేరం రుజువైంది. శిక్ష ఏమిటంటే, ఈ సాయంత్రం రెండు సైన్యాల డ్రమ్ములనూ ఈవిడే ముందుండి నడపాలి. ఇవాళ్టి నుంచి ఈ పటాలం డ్రమ్ము ఈవిడది. దీని మీద అప్పీలు లేదు." అప్పుడు చూశాను, ఆ పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు. గ్లెన్ జెండా మడిచి పక్కన పెట్టి, తన డ్రమ్ము తానే తెచ్చి నా భుజాన వేశాడు. "ఐ వజ్ కీపింగ్ ఇట్ వార్మ్ ఫర్ యూ, డాక్," అన్నాడు, నీ కోసమే కాచి ఉంచానని.

సాయంత్రం వాయించేదాన్ని 'రిట్రీట్' అంటారు. పేరు విని పారిపోవడం అనుకోకు. పొద్దు గుంకేవేళ జెండా దింపి, కాపలా నిలబెట్టి, సిపాయిలను డేరాలకు పంపే దరువది. ఆ పటాలాల్లో మూడు వందల ఏళ్ళ పైబడిన ఆచారం. రెండు సైన్యాల డ్రమ్ములూ నా వెనక బారులు తీరాయి. వాటి వెనక ఎర్రకోట్లు, నీలంకోట్లు. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. మీ బావ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు, ఎందుకో ఆయనకే తెలియదు.

ఇన్నేళ్ళూ నేను వేదిక కోసం ఏడ్చాననుకున్నానురా. కాదు. నా చెయ్యి కదిలితే ఎదుటివాళ్ళు కదలాలి, అదీ నాకు కావలసింది. ఆ పందిట్లో దొరికినా తలలూపేవారు గానీ ఎవరూ కదిలేవారు కాదు. నేను ఓడిపోలేదు ప్రసాదూ. నన్నెవరూ ఓడించలేదు. కాస్త ఆలస్యమైంది, అంతే.

వాల్టర్ నడిచొచ్చి నా ఎదురుగా అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆజ్ఞ ఇస్తాడని చూశాను. ఇవ్వలేదు. కత్తి దించి, "ఎప్పుడంటే అప్పుడు, డ్రమ్మర్," అన్నాడు. పొలమంతా ఊపిరి బిగబట్టి నా కర్రల వైపు చూస్తోంది. నేను తొందరపడలేదు. వాళ్ళందరినీ ఒకసారి కళ్ళారా చూసుకున్నాను.

తర్వాత కర్రలు ఎత్తి కొట్టాను. అందరూ కదిలారు.

అక్క హైమ,
పటాలం డ్రమ్మరు